సాయి పట్టుకున్న చెయ్యి

ముత్తంగి చౌరస్తాలో ఆటో దిగి పిల్లల బడి ఎటని అడిగితే ఎవరైనా చూపిస్తారు. గోదాముల వెనక, కంటైనర్ లారీలు బారులు తీరే సర్వీసు రోడ్డు పక్కన, నీలం గేటు. బడి అంటారు గానీ అక్కడ పలక పట్టేవాళ్లెవరూ లేరు. పిల్లలు అంటారు గానీ వాళ్లలో కొందరికి గడ్డాలు నెరిశాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల ఒకచోట ఆగిపోయినవాళ్లు, మాట రానివాళ్లు, ఇంట్లో మోయలేక కన్నవాళ్లు తెచ్చి అప్పజెప్పినవాళ్లు. ఒక కంపెనీ పుణ్యానికి ఇచ్చే డబ్బుతో అది నడుస్తుంది. లోపలున్న వాళ్ల పేర్లు ఎక్కడా కనపడవు గానీ ఆ కంపెనీ పేరు మాత్రం గోడ మీద రోడ్డు దాకా కనపడుతుంది.

ఆ బడిలో పుష్పమ్మ ఆయా. పుట్టింది బొల్లారం పక్క పల్లెలో, భూమి ఉన్న ఇంట్లో. పెళ్లినాటికి ఆ భూమిలో సగం కంపెనీ షెడ్ల కింద పోయింది, మిగిలిన సగంలో వరి వేస్తే గింజ పట్టడం మానేసింది. మొగుడు కొమురయ్య మందుల కంపెనీలో షిఫ్టులు చేసి చేసి, ఊపిరి సగం అక్కడే విడిచి వచ్చి మంచమెక్కాడు. అప్పుడు గడప దాటింది పుష్పమ్మ. ఒకరి కింద పనిచేయడమే చిన్నతనమనుకునే ఇంటి కోడలు పరాయి పిల్లల ముడ్డి కడగడానికి పోయిందని తోడికోడళ్లు ముక్కున వేలేసుకున్నారు. "నా ఇంట్ల బియ్యం నువ్వు పోస్తవా అక్కా? రేపటి నుంచే బందు చేస్త" అని పెద్ద తోడికోడలితో ఒక్కమాట అంది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

నోరెత్తకపోయినా, మొదట్లో ఆమెకే అన్నం సయించేది కాదు. చేతులు ఎంత తోముకున్నా ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది. తర్వాత తర్వాత ఎప్పుడు అలవాటైందో తెలియదు గానీ, అలవాటు కాస్తా అభిమానంగా మారింది. ఆమె వంతు పిల్లలు సబ్బు వాసన వేసేవాళ్లు. తలకు నూనె పట్టి, పాపిడి తీసి, బొత్తాలన్నీ పెట్టి కూర్చోబెట్టేది. ఆదివారం చూడటానికి వచ్చిన తల్లులు ఏ పిల్లవాడి తల చూసినా ఇది పుష్పమ్మ దువ్వినదే అని చెప్పగలిగేవారు. దానికి ఆమె లోలోపల పొంగిపోయేది. పొంగిపోవడానికి ఆమెకు వేరే ఏమీ లేదు కూడా.

సాయికిరణ్ ఆమె వంతుకు వచ్చేసరికి మీసాలొచ్చిన మనిషి. ఆరడుగుల పొడుగు, పలుచని ఒళ్లు. మెడ పక్కకు వాల్చి ఎక్కడో ఏదో వింటున్నట్టు ఉంటాడు. మాట లేదు. వాళ్లమ్మ కమలాకుమారి గోదావరి వైపు ఆవిడ. భర్తకు సర్కారు ప్లాంటులో ఉద్యోగమని వచ్చి ఇక్కడే ఉండిపోయారు, ఆయన ఇక్కడే పోయాడు. తుంటి విరిగి ప్లేటు పడ్డాక, అంత కొడుకును లేపి నిలబెట్టలేక తీసుకొచ్చి విడిచింది. విడిచిన రోజు గేటు బయట కూలబడి ఏడుస్తుంటే లోపలికి తీసుకెళ్లి నీళ్లు తాగించింది పుష్పమ్మే. "మీ కొడుకు గాదు, ఇగ నా కొడుకే అనుకోండ్రి అమ్మా" అంది. అలాంటి చోట అందరూ అనే మాటే అది. పుష్పమ్మ మాత్రం అన్న మాటను నెత్తిన పెట్టుకుంది.

ఆ బడిలో జోడీ అని ఒక పద్ధతి ఉంది. వెనకటికి ఒక సాయంత్రం కూరగాయల వ్యాను కోసం గేటు తీస్తే, ఒక పిల్లవాడు అందరి కళ్ల ముందు నుంచే నడిచి పోయి సర్వీసు రోడ్డు మీద లారీ కింద పడ్డాడు. అప్పటి నుంచి సాయంత్రం గేటు తీసే ముందు విజిల్ ఊదుతారు. ఆయాలు, అటెండర్లు వాకిట్లో గోడ వెంట వరుసగా నిలబడతారు. ప్రతి పిల్లవాడూ ఎక్కడున్నా వచ్చి తన మనిషి చెయ్యి పట్టుకోవాలి. గేటు మళ్లీ మూసేదాకా విడవకూడదు. పిల్లవాడికి ఇది ఒక నియమమైతే, పెద్దవాళ్లకు ఇంకో నియమం. పట్టుకున్న చేతిని ఏం జరిగినా విదిలించుకోకూడదు. ఒక్కసారి విదిలిస్తే మళ్లీ రారు, అంతా మొదటికొస్తుంది.

అందరూ నేర్చుకున్నారు, సాయి ఒక్కడికే రాలేదు. విజిల్ వినపడితే చెవులు మూసుకుని ఉన్నచోటే కూలబడేవాడు. పుష్పమ్మ పోయి, లేపి, తీసుకొచ్చి, వాడి వేళ్ల మధ్య తన వేళ్లు పెట్టి, కొంగు ముడిలోంచి పల్లిపట్టి ముక్క తీసి నోట్లో పెట్టేది. "శాబాష్ కొడుకా" అనేది. వానాకాలం పోయింది, చలికాలం పోయింది. "ఎందుకక్కా పరేషాన్, గోడకు చెప్పినట్టే" అని తోటి ఆయా ధనలక్ష్మి నవ్వేది. ఒక సాయంత్రం విజిల్ ఊదగానే సాయి తనంతట తను లేచి, చెవుల మీది చేతులు తీసి, వాకిలి దాటి వచ్చి ఆమె వేళ్లలో వేళ్లు పెట్టి నోరు తెరిచాడు. పుష్పమ్మ అందరిలోనూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ముక్క తీసి వాడి నోట్లో పెట్టింది.

అది మొదలు వాడికి వరుస కనపడితే చాలు. విజిల్ అక్కర్లేదు. జెండా పండుగ నాడు స్టాఫంతా నిలబడి జనగణమన పాడుతుంటే నడుమ దూరి పుష్పమ్మ చెయ్యి పట్టుకుని నోరు తెరిచాడు. అందరూ నవ్వారు. పుష్పమ్మ కూడా నవ్వింది.

ఐలన్న వచ్చింది ఆ తర్వాతే. అంతకుముందు గోదాముల దగ్గర వాచ్‌మన్. సూపర్‌వైజర్ ప్రవీణ్‌కుమార్‌కు భార్య తరపు చుట్టం. మగపిల్లలకు మగవాళ్లే స్నానం చేయించాలని కొత్తగా నియమం పెట్టి, ఆ పని ఐలన్నకు అప్పజెప్పారు. సాయంత్రం విజిల్ ఊదడం కూడా వాడికే ఇచ్చారు. నియమం మంచిదే, ఎవరూ కాదనలేరు. సాయి తిండి, బట్టలు, జోడీ పుష్పమ్మ చూసుకునేది. స్నానాల గది తలుపు మాత్రం ఐలన్న వేసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం అన్నం పెడుతుంటే సాయి గోడకు ఆనుకోలేదు. ఆనిస్తే ముందుకు వంగిపోయాడు. చొక్కా ఎత్తి చూసింది పుష్పమ్మ. వీపు నిండా గీతలు. కొన్ని పసుపుపచ్చగా పాతబడ్డాయి, కొన్ని ఎర్రగా పచ్చిగా ఉన్నాయి. స్నానాల గదిలో నల్లాకు తగిలించి ఉండే ఆకుపచ్చ నీళ్ల పైపు ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. ముద్ద పళ్లెంలోనే ఉండిపోయింది.

ఆ బడిలో ఏ దెబ్బకైనా ఒకటే పేరు. పడ్డాడు. పన్ను విరిగినా పడ్డాడు, చెవి తెగినా పడ్డాడు. తల్లులు అడిగితే పుష్పమ్మ కూడా ఎన్నోసార్లు ఆ మాటే చెప్పింది, చాలాసార్లు నిజంగానే పడేవాళ్లు కాబట్టి. ఇప్పుడు అదే మాట ఆమెకు తిరిగొచ్చింది.

"పడ్డడు పుష్పమ్మా. తానం చేపిస్తుంటె జారిండంట" అన్నాడు ప్రవీణ్‌కుమార్, ఫోనులోంచి తలెత్తకుండా.

"పడితె తోలు లేస్తది సారూ. గీతలు గీతలు ఎట్ల వడ్తయి? మీరొచ్చి జెర సూడుండ్రి."

"నీకు డాక్టర్ డ్యూటీ ఎప్పుడిచ్చినం?" అని నవ్వాడు. తర్వాత నవ్వు తీసేసి నెమ్మదిగా చెప్పాడు. "గంతగంత మనుషులకు తానం చేపిచ్చెటోడు దొరుకుడే కష్టం. ఐలన్నను పంపిస్తె నువ్వు చేపిస్తవా? చెప్పు. పెద్దదానివి, నీ పని నువ్వు చూసుకో."

ఐలన్నను అడిగితే వాడు దాచను కూడా దాచలేదు. "చెప్తె ఇనడక్కా. గోదాం కుక్కలు సుత ఇంటయి, వీడు ఇనడు" అన్నాడు.

"మాట రానోనికి నొప్పి గూడ రాదనుకున్నవార?" అంది పుష్పమ్మ. ఐలన్న విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ వెళ్లిపోయాడు. కంచే చేను మేస్తుంటే చేను ఎవరితో చెప్పుకుంటుంది?

ఆదివారం కమలాకుమారి వస్తే పక్కకు పిలిచి వీపు చూపించింది. ఆవిడ చొక్కా కిందికి లాగి, బొత్తాలు ఒక్కొక్కటీ పెట్టి, కొడుకు చెంప నిమిరి, "ఎవరికీ చెప్పకండి పుష్పమ్మా, మీకు దణ్ణం పెడతాను" అంది. "వీణ్ణి ఇంకెక్కడా తీసుకోలేదండి. హైదరాబాదంతా తిరిగాను. మాట రాదన్నా తీసుకుంటారు, చిన్నపిల్లవాడైతే తీసుకుంటారు. ఇంత మనిషిని ఎవరూ తీసుకోరు. వీళ్లు పంపించేస్తే నేనెక్కడ పెట్టుకోను?"

పుష్పమ్మ సరేనంది. కొన్నాళ్లు నోరు కట్టుకుని ఉంది. కానీ సాయికి పైపు కనపడితే చాలు, నిలబడ్డచోటే నిక్కరు తడిసిపోవడం మొదలైంది. తడిసినందుకు మళ్లీ స్నానం, స్నానానికి మళ్లీ పైపు. ఆ చక్రం చూస్తూ చూస్తూ అన్నం కలిపి పెట్టడం పుష్పమ్మ వల్ల కాలేదు.

"మనకెందుకే? కొరివితోని తల గోక్కుంటవా?" అన్నాడు కొమురయ్య మంచంలోంచి, దగ్గు తెర ఆగాక.

"నేను గోక్కోకుంటె వాని వీపు కాలుతున్నది" అని చెప్పులేసుకుంది ఆమె.

సంగారెడ్డి కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. షేర్ ఆటో, బస్సు, మళ్లీ ఆటో. భూమి తగాదాలవాళ్లు, పింఛను రానివాళ్లు, అందరి వెనకా నిలబడింది. వంతు వచ్చాక బల్ల వెనకున్నాయన ఫోటో ఉందా అని అడిగాడు. బడిలోకి ఫోను తీసుకుపోనివ్వరు, తీసుకుపోయినా ఆమెది బటన్ల ఫోను. "ఫోటో ఎందుకు సారూ, వీపే ఉన్నది, వచ్చి సూడుండ్రి" అంది పుష్పమ్మ. ఆయన ఆమె ముఖంలోకి చూసి, రాసుకుని, పంపిస్తామన్నాడు. మాట తప్పలేదు, పంపించారు. కాకపోతే వీపు సగం మానిన తర్వాత, ముందు రోజు ఫోను చేసి మరీ పంపించారు.

విచారణకు వచ్చినావిడ పేరు రమ్యశ్రీ. వయసులో చిన్నది. మంచి మనిషి, అది ఒప్పుకోవాలి. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేల మీద సాయి పక్కనే గొంతుకూర్చుని చొక్కా ఎత్తి చూసింది. "ఇది పడ్డ దెబ్బ కాదండీ" అని ఆమే అంది. పుష్పమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు ఆ బడిలో ఒకరు పడ్డాడు అనలేదు.

"కొట్టడం ఎవరైనా చూశారా?" అని అడిగింది మేడం. ఎవరూ చూడలేదు. తలుపు వేసి ఉండే గది అది.

"పోనీ, ఈ అబ్బాయి చెప్పగలడా?"

"మాటలు రావు మేడం, అదే కదా మా బాధ" అన్నాడు ప్రవీణ్‌కుమార్, చేతులు కట్టుకుని.

పుష్పమ్మ చిన్నప్పుడు వాళ్ల పల్లెలో కల్లంలో వడ్ల బస్తా పోతే, ఇంట్లో కడియం పోతే, పెద్దమనుషులు అందరినీ వరుసగా నిలబెట్టేవాళ్లు. తప్పు చేసినవాడు వరుసలో నిలబడలేడని, ఎక్కడో ఒకచోట తొణుకుతాడని వాళ్ల నమ్మకం. ఆమె కళ్లారా చూసింది కూడా. ఐలన్నను చూస్తే సాయి ఎట్లా ముడుచుకుపోతాడో ఆమెకు తెలుసు. ఆ ముడుచుకోవడం ఈ మేడం ఒక్కసారి చూస్తే చాలుననుకుంది. ముందుకొచ్చి చెప్పేసింది.

"మాట రాకుంటె ఏంది మేడం, సూపెడ్తడు. ఆకలైతె పళ్లెం తెచ్చి సూపెడ్తడు. నొప్పైతె చెయ్యి వెట్టి సూపెడ్తడు. మమ్ముల అందర్ని వరుసగ నిలబెట్టుండ్రి, వాన్ని తోల్కరాండ్రి. కొట్టినోడు ఎవడో వాడే సూపెడ్తడు."

ప్రవీణ్‌కుమార్ ఐలన్న వంక చూశాడు. ఐలన్న విజిల్‌ను వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. "మంచి ఆలోచనే మేడం" అన్నాడు ప్రవీణ్‌కుమార్.

సాయిని లోపలికి పంపారు. స్టాఫును పిలవడానికని ఐలన్న విజిల్ ఊదాడు. కావాలని ఊదాడో, రోజూ చేసే పనే కాబట్టి ఊదాడో ఆ దేవుడికే తెలియాలి. అందరూ వచ్చి గోడ వెంట నిలబడ్డారు, రోజూ నిలబడే చోటే. ఐలన్న, వంట మనిషి, ధనలక్ష్మి, చివర పుష్పమ్మ. తన చోట్లో కాళ్లు ఆనించాక గానీ ఆమెకు తట్టలేదు, తను ఎక్కడ నిలబడిందో. "వద్దు మేడం, గిట్ల వద్దు, ఇంకో తీరుగ అడుగుండ్రి" అంది. అప్పటికే తలుపు తెరుచుకుంది.

"సాయీ, నిన్ను కొట్టింది ఎవరు నాన్నా? వాళ్ల దగ్గరికి వెళ్లు" అంది మేడం, ఎంతో ముద్దుగా.

సాయి మెడ వాల్చి వరుసను చూశాడు. వాడి ముఖం విప్పారింది. ఐలన్న ఉన్న వైపు రాకుండా మోరీ కాల్వ అంచు వెంట దూరంగా తిరిగి, మిగతావాళ్లను దాటి, పుష్పమ్మ దగ్గరికొచ్చి ఆమె వేళ్లలో వేళ్లు పెట్టాడు. పెట్టి, నోరు తెరిచాడు.

ఆ చెయ్యి ఒక్కసారి విదిలించుకుని ఉంటే, నన్నెందుకురా అని ఒక్క అరుపు అరిచి ఉంటే, మేడం మనసులో ఏదైనా అనుమానం పుట్టేదేమో. పుష్పమ్మకు ఆ ఆలోచన రాకపోలేదు. కానీ వాడు నోరు తెరిచి నిలబడి ఉన్నాడు. ఎన్నో నెలలు పల్లిపట్టి పెట్టి నేర్పిన చెయ్యి అది. ఆమె విడవలేదు.

"ఇది జోడీ మేడం" అంది. "వరుస కనవడితె వచ్చి నా చెయ్యి వట్టుకుంటడు. నేనే నేర్పిన. కొట్టిన్నని గాదు మేడం."

"జోడీ సాయంత్రం గేటు తీసేటప్పుడు మేడం. ఇప్పుడు గేటు తీయలేదు కదా" అన్నాడు ప్రవీణ్‌కుమార్. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "వరుసగా నిలబెట్టమన్నది ఆమే. వాడే చూపిస్తాడన్నదీ ఆమే. నేనొక్క మాట కూడా అనలేదు."

మేడం ధనలక్ష్మి వైపు తిరిగింది. "చెప్పమ్మా. వరుస చూస్తే ఎప్పుడూ ఇలాగే చేస్తాడా?"

జెండా పండుగ నాడు పడీ పడీ నవ్విన మనిషి ధనలక్ష్మి. ఐలన్నను చూసింది, ప్రవీణ్‌కుమార్‌ను చూసింది, తర్వాత తన కాలి వేళ్లు చూసుకుంది. "నేను నా పిల్లలనే సూసుకుంట మేడం. నాకు తెల్వదు" అంది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఆమెను తిట్టడం సులువు, ఆమె చోట నిలబడటం కష్టం.

మేడం పుష్పమ్మను చూసింది. ఆ చూపులో అసహ్యం లేదు, బాధ ఉంది. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి తనే అర్జీ పెట్టిన మనిషిని చూస్తున్నాననుకుంది కాబోలు. "పోలీసుల దాకా ఎందుకు మేడం, పెద్దామె, మొగుడు మంచంలో ఉన్నాడు, పని మానేసి పోతుంది" అని ప్రవీణ్‌కుమారే బతిమాలాడు. చూసినవాళ్లు ఆయనది ఎంత మంచి మనసో అనుకున్నారు. మేడం తను చూసింది రాసుకుంది. తను చూసింది తప్ప వేరే ఏమీ రాయలేదు, అబద్ధం ఒక్కటీ రాయలేదు. పుష్పమ్మను ఆ పూటే గేటు బయటికి పంపారు.

నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు జనం. చౌరస్తాలో ఆదివారపు తల్లులు ఎదురుపడితే కొంగు సర్దుకుని అవతలి పక్కకు దాటేవారు. ఆమె తల దువ్విన పిల్లల తల్లులే. ఇంకో సోమవారం సంగారెడ్డి పోయింది. విచారణ అయిపోయిందమ్మా అన్నారు. వేరే బడుల్లో పని అడిగితే పేరు చెప్పగానే గేటు దగ్గరే ఆపేశారు. చివరికి గోదాములో అట్టపెట్టెలు మడిచే పని దొరికింది. అక్కడి నుంచి సాయంత్రం పూట విజిల్ వినపడేది. విన్నప్పుడల్లా ఆమె కుడి చెయ్యి దానంతట అదే పక్కకు చాచుకునేది. పక్కనున్న బీహారీ పిల్ల "క్యా హువా అమ్మా?" అని అడిగితే ఏం లేదు బిడ్డా అనేది.

కొన్నాళ్లకు కమలాకుమారి వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. చేతికర్ర పట్టుకుని, ఆ సందులో బురద దాటుకుంటూ. కూర్చోమంటే కూర్చోలేదు.

"వాడు ఎవరి చెయ్యీ పట్టుకోవడం లేదు పుష్పమ్మా" అంది. "విజిల్ వినపడితే మీరు నిలబడే చోటికి పోతాడట. అక్కడ మీరు ఉండరు. గేటు దగ్గరికి పోయి ఊచలు పట్టుకుంటాడట. లాగితే రాడు. రానందుకు..." కళ్లు తుడుచుకుని మళ్లీ చెప్పింది. "అన్నం కూడా సరిగా తినడం లేదు. జబ్బలు చూశాను, పుల్లల్లా ఉన్నాయి. మీరొక్కసారి వచ్చి చెప్పండి. మీ మాటే వింటాడు. ఐలన్న చెయ్యి పట్టుకోమని చెప్పండి."

"ఎవని చెయ్యి?"

"ఇప్పుడు వాడికి ఐలన్నే జోడీ అండి. వేరే ఎవరూ లేరట."

పుష్పమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. "అమ్మా, నేను కొట్టిన్నని మీరు గూడ అనుకుంటున్నరా?"

"నాకు ఎప్పుడో తెలుసు" అంది కమలాకుమారి. "ఎవరు కొట్టారో తెలుసు, మీరు కాదని తెలుసు. మేడం ఫోను చేసి అడిగితే నాకేం తెలియదండి అన్నాను. కొట్టింది మీరు కాదనడానికి నాకు నోరు రాలేదు, మీరే అనడానికీ రాలేదు."

పుష్పమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ ఒక్క మాట, కన్నతల్లి మాట, ఆ రోజు చెప్పి ఉంటే. కానీ ఎదురుగా ఉన్నది కర్ర మీద వాలిన ముసలి ప్రాణం. ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిట్టబోయిన నోరు తిట్టలేక ఇంకొకటి అంది.

"నాకు ఇచ్చెయ్యుండ్రమ్మా వాన్ని. నేను తిన్నదే పెడ్త. ఈడనే ఉంటడు."

కమలాకుమారి గది చుట్టూ చూసింది. ఒక్క గది, కిరాయి ఇల్లు, అందులో దగ్గుతున్న మనిషి మంచం. "మీ మీద రాసిన కాగితం ఉందండి" అంది నెమ్మదిగా. "కొట్టిందని రాసిన మనిషికి కొడుకును ఎలా ఇచ్చావని రేపు నన్నడగరా? మీరు పనికి పోతే వాణ్ణి ఎవరు చూస్తారు? నేను పోయాక మీరూ పోతే?" కొమురయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మరునాటి సాయంత్రం గోదాము నుంచి ముందుగా బయటపడి, దారిలో పల్లిపట్టి కొని నీలం గేటు దగ్గరికి పోయింది. లోపలికి రానివ్వలేదు. గేటు బయట నిలబడి చెప్పుకోవచ్చన్నాడు ప్రవీణ్‌కుమార్. విజిల్ మోగింది. సాయి వాకిలి దాటి, ఖాళీ చోటు దగ్గర ఒక్క క్షణం ఆగి, తలెత్తి ఆమెను చూశాడు. గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి, వేళ్లు విప్పి, నోరు తెరిచాడు.

పుష్పమ్మ తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కొంగులో చుట్టుకుంది.

"నేను గాదు బిడ్డా. గాయిన. గాయిన చెయ్యి వట్టుకో" అంది, గోడ దగ్గరున్న ఐలన్నను తలతో చూపిస్తూ.

వాడు ఊచల్లోంచి ఇంకా ముందుకు చాచాడు. భుజం ఊచలకు ఒత్తుకుపోయింది. వేళ్లు ఆమె చీరకు తగిలాయి. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. వాడి గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, అంతకుముందు ఎప్పుడూ వినని శబ్దం. ఆ రోజు వాడు నేర్చుకోలేదు. మరునాడూ నేర్చుకోలేదు. నేర్చుకోని రోజు ఏమవుతుందో పుష్పమ్మకు తెలుసు కాబట్టి పని విడిచి రోజూ వచ్చింది. రోజూ చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఇట్లా కాదని చివరికి ఐలన్నను గేటు దగ్గరికి పిలిచింది. కొంగు ముడి విప్పి, పల్లిపట్టి ముక్కలు ఊచల్లోంచి వాడి చేతిలో పోసింది. "వట్టుకున్నంక ఒకటి నోట్లె వెట్టు. ముందుగాల గాదు. వేళ్ల నడుమ వేళ్లు వెట్టాలె. అరువకు. వట్టుకున్నంక ఇడిపిచ్చుకోకు, నీకు దండం వెడ్త ఐలన్నా, ఇడిపిచ్చుకోకు" అంది. ఐలన్న ఒక ముక్క తన నోట్లో వేసుకుని తలూపాడు.

విజిల్ మోగింది. సాయి వచ్చాడు. గేటు బయట ఆమెను చూశాడు, ఆమె చేతుల కోసం చూశాడు. చేతులు కనపడలేదు. మెడ వాల్చుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, గోడ దగ్గరికి నడిచి, ఐలన్న చేతిలో తన చెయ్యి పెట్టాడు. పుష్పమ్మ నేర్పినట్టే, వేళ్ల మధ్య వేళ్లు పెట్టి, గట్టిగా. ఐలన్న పల్లిపట్టి ముక్క నోట్లో పెట్టాడు. అది నములుతూ సాయి గేటు వైపు చూశాడు, సరిగ్గా చేశానా అన్నట్టు.

"శాబాష్ కొడుకా" అంది పుష్పమ్మ.